చిన్న విమానానికి బీకన్ ఎందుకు, ఎలా

(ఒంగోలులో ఇంజనీరింగ్ విద్యార్థులు, పైలట్ శిక్షణలో ఉన్న యువతీయువకులు, వారి తల్లిదండ్రులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగానికి పాఠం)

సభకు నమస్కారం.

పైలట్ కావాలనుకున్న పిల్లలు మొదట ఎక్కేది వందలమంది పట్టే విమానం కాదు. ఇద్దరో నలుగురో కూర్చునే, ఒకే ఇంజను ఉన్న చిన్న విమానం. పెద్ద విమానం ఎక్కడ ఉందో దాని కంపెనీ, నేలమీది కంట్రోలు కేంద్రాలు ఎప్పటికప్పుడు గమనిస్తూనే ఉంటాయి. చిన్న విమానం సంగతి అలా కాదు. అది తక్కువ ఎత్తులో, కొండల పక్కగా, అడవుల మీదుగా ఎగురుతుంది. కొండ అడ్డం వస్తే రాడార్‌కు కనపడదు, రేడియో మాట కూడా అందదు. అటువంటి విమానం రావలసిన వేళకు రాకపోతే దానిని ఎక్కడ వెదకాలన్నది మొదటి ప్రశ్న అవుతుంది. ఆ ప్రశ్నకు విమానమే జవాబు చెప్పేలా చేసే పరికరం అత్యవసర బీకన్. దీనిని విమానయానంలో ఈ.ఎల్.టి. అంటారు. ఈ రోజు దాని గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. విమానంలో బీకన్ ఉండటం వేరు, అది అవసరమైన క్షణంలో పనిచేయటం వేరు, అది చెప్పిన మాట విన్నవారు వెంటనే కదలగలగటం మరొకటి. ఈ మూడింటికీ మధ్య ఉన్న దూరం గురించే నేను ప్రధానంగా చెప్పదలచుకున్నాను.

వెదకటం ఎంత కష్టమో ఈ జిల్లావారికి వేరే ఊరి ఉదాహరణలతో చెప్పనక్కరలేదు. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ప్రయాణిస్తున్న హెలికాప్టరు హైదరాబాదు బేగంపేట నుంచి బయలుదేరి నల్లమల మీద కనిపించకుండా పోయింది. వాయుసేన విమానాలు, ఉపగ్రహ చిత్రాలు, పోలీసులు, అడవి దారులు తెలిసిన స్థానికులు, ఇంతమంది కలిసి వెదికినా శకలాలు దొరికింది మరునాటి ఉదయమే. ఆ ప్రమాదంలో ఉన్న ఐదుగురిలో ఎవరూ బతకలేదు కనుక, త్వరగా దొరికి ఉంటే ఏమయ్యేదన్న చర్చలోకి నేను వెళ్లటం లేదు. రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన వ్యక్తి కోసం యంత్రాంగమంతా కదిలినా ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి. వానాకాలపు నల్లమల అటువంటిది. శిక్షణలో ఉన్న ఒక విద్యార్థి కోసం అంత బలగం కదలకపోవచ్చు. అటు వెలికొండలు కానివ్వండి, ఇటు సముద్రం కానివ్వండి, ఆకాశం నుంచి చూసే కంటికి అంతా ఒకే రంగుగా కనిపిస్తుంది.

చిన్న విమానాలకు బీకన్ తప్పనిసరి కావటం వెనుక కొందరి ప్రాణాలున్నాయి. 1967 మార్చిలో అమెరికాలో ఒక కుటుంబం, భార్యాభర్తలు, పదహారేళ్ల అమ్మాయి, ఒక సెస్నా విమానంలో పోర్ట్‌లాండ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు బయలుదేరి ఉత్తర కాలిఫోర్నియా మంచుకొండల్లో కూలిపోయారు. కూలిన తర్వాత వారు బతికే ఉన్నారు. తండ్రి సహాయం కోసం నడిచి వెళ్లి తిరిగి రాలేదు. తల్లీ కూతురూ విమానంలోనే ఉండిపోయి వారాల తరబడి ఎదురుచూశారు. ఆ అమ్మాయి రాసుకున్న డైరీ వల్ల ఇదంతా లోకానికి తెలిసింది. ఆ సంవత్సరం అక్టోబరులో వేటగాళ్లకు విమానం కనిపించేనాటికి చెప్పటానికి ఎవరూ మిగలలేదు. దెబ్బల వల్ల కాక, ఎక్కడున్నారో ఎవరికీ తెలియకపోవటం వల్ల ప్రాణాలు పోయిన సంఘటన ఇది. దీని తర్వాతే చిన్న విమానాల్లో బీకన్ ఉండాలని అమెరికా చట్టం చేసింది. ఆ చట్టం పూర్తిగా అమలులోకి రాకముందే, 1972 అక్టోబరులో, అలాస్కాలో ఇద్దరు పార్లమెంటు సభ్యులతో వెళుతున్న మరో సెస్నా మాయమైంది. 39 రోజులు వెదికారు. ఈనాటికీ దొరకలేదు. ఆ పైలట్‌కు చేత పట్టుకుపోయే బీకన్ ఒకటి ఉండేది. దర్యాప్తు చేసినవారికి అది మరొక విమానంలో కనిపించింది. ఈ సంగతి ఇక్కడున్న విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

మొదటి తరం బీకన్లు 121.5 మెగాహెర్ట్జ్ మీద ఒక ఊళ వంటి ధ్వనిని ప్రసారం చేసేవి. పైన పోయే విమానాలేవైనా ఆ ఫ్రీక్వెన్సీ పెట్టుకుని ఉంటే వినాలి, వినకపోతే లేదు. దీనిని ఉపగ్రహాలతో వినాలని అమెరికా, కెనడా, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ 1979లో ఒప్పందం చేసుకున్నాయి. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఈ నాలుగు దేశాలు ఒక్క మాట మీదకు రావటం చిన్న విషయం కాదు. ఆ ఏర్పాటు పేరు కాస్పాస్–సార్‌శాట్. మొదటి ఉపగ్రహాన్ని 1982 జూన్ 30న సోవియట్ యూనియన్ పంపింది. అదే సంవత్సరం సెప్టెంబరులో కెనడాలో కూలిన ఒక చిన్న విమానం బీకన్‌ను ఆ ఉపగ్రహం విన్నది, ముగ్గురు బతికారు.

ఆ ఉపగ్రహానికి స్థలం ఎలా తెలుస్తుందో విద్యార్థులకు చెప్పాలి. సింగరాయకొండ స్టేషనులో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ కూత మీరు వినే ఉంటారు. దగ్గరకు వస్తున్నంతసేపూ కూత సన్నగా ఉండి, దాటగానే బొంగురుపోతుంది. బీకన్ నేలమీద కదలకుండా ఉంటే, ఉపగ్రహం దాని మీదుగా పోతున్నప్పుడు అందే ఫ్రీక్వెన్సీ అదే విధంగా మారుతుంది. ఆ మార్పు ఎప్పుడు, ఎంత వేగంగా జరిగిందో కొలిస్తే, ఉపగ్రహం దారికి ఎంత పక్కన బీకన్ ఉందో లెక్క తేలుతుంది. అయితే కుడి పక్కనో ఎడమ పక్కనో వెంటనే తేలదు. భూభ్రమణం వల్ల వచ్చే స్వల్ప తేడాను పట్టుకునో, తర్వాత వచ్చే ఉపగ్రహం విన్నదానితో పోల్చుకునో ఆ అనుమానాన్ని తీర్చుకుంటారు.

ఈ పద్ధతిలో పాత 121.5 బీకన్ల స్థానం పదిహేను, ఇరవై కిలోమీటర్ల తేడాతో తెలిసేది. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, ఆ ధ్వనిలో ఎవరు పిలుస్తున్నారన్న సమాచారం ఉండదు. అందువల్ల 406 మెగాహెర్ట్జ్ డిజిటల్ బీకన్లు వచ్చాయి. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు 121.5ను వినటం పూర్తిగా మానేశాయి. పాత బీకన్ మాత్రమే ఉన్న విమానం ఈ రోజు ఎక్కడైనా కూలితే, ఆకాశంలో ఏ ఉపగ్రహమూ దాని గొడవ వినదు. కొత్త బీకన్ సుమారు యాభై సెకన్లకు ఒకసారి, అర సెకను పాటు, ఐదు వాట్ల శక్తితో ఒక సందేశాన్ని పంపుతుంది. అందులో ఏ దేశపు బీకనో తెలిపే కోడ్, ఆ బీకన్‌కే చెందిన గుర్తింపు సంఖ్య ఉంటాయి. మన దేశం కోడ్ 419. జి.పి.ఎస్. జోడించిన బీకన్ అయితే అక్షాంశ రేఖాంశాలను కూడా పంపుతుంది. దీనితో పాటు 121.5 మీద బలహీనమైన సంకేతం ఒకటి వస్తూనే ఉంటుంది. అది ఉపగ్రహాల కోసం కాదు, వెదకబోయిన హెలికాప్టరు దగ్గరకు వచ్చాక దిశ పట్టుకోవటం కోసం.

తేడా ఎంతో మన ఎకరాల లెక్కలో చూద్దాం. ఇరవై కిలోమీటర్ల తేడా అంటే వెదకవలసిన వృత్తం మూడు లక్షల ఎకరాలకు పైగా ఉంటుంది. 406 బీకన్‌కు జి.పి.ఎస్. లేకపోతే తేడా రెండు నుంచి ఐదు కిలోమీటర్లు. ఐదు అనుకుంటే పంతొమ్మిది వేల ఎకరాలు. జి.పి.ఎస్. ఉంటే తేడా వంద మీటర్ల ప్రాంతం, అంటే సుమారు ఎనిమిది ఎకరాలు. ఎనిమిది ఎకరాల అడవిని ఒక బృందం పొద్దుగూకేలోపు గాలించగలదు. మూడు లక్షల ఎకరాలను గాలించటం ఎవరి తరమూ కాదు.

మన దేశంలో ఈ సంకేతాలను అందుకునే కేంద్రం బెంగళూరులో ఇస్రో ఆధ్వర్యంలో పనిచేస్తోంది. అక్కడి నుంచి సమాచారం విమానాల విషయంలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి చెందిన సహాయ సమన్వయ కేంద్రానికి, సముద్రం విషయంలో కోస్ట్‌గార్డ్‌కు వెళుతుంది. మనకు దగ్గరగా ఉన్నది చెన్నై. నిన్నమొన్నటి వరకు నెల్లూరు జిల్లాలో ఉండి 2022 పునర్విభజనలో తిరుపతి జిల్లాకు వెళ్లిన శ్రీహరికోటకు కూడా ఇందులో భాగం ఉంది. అక్కడి నుంచి 2016లో వెళ్లిన ఇన్సాట్–3డి.ఆర్., 2024 ఫిబ్రవరిలో వెళ్లిన ఇన్సాట్–3డి.ఎస్. వాతావరణ ఉపగ్రహాలే అయినా, ఈ బీకన్లను వినే పరికరం వాటిలో ఉంది. అవి ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున ఒకేచోట నిలిచినట్టు ఉంటాయి కనుక సంకేతాన్ని వెంటనే వింటాయి. కానీ కదలిక లేదు కనుక నేను చెప్పిన కూత లెక్క వాటికి కుదరదు. బీకన్‌లో జి.పి.ఎస్. లేకపోతే ఎవరు పిలిచారో చెప్పగలవు, ఎక్కడి నుంచో చెప్పలేవు. కొనేటప్పుడు జి.పి.ఎస్. ఉన్నదే కొనమని నేను పట్టుబట్టటానికి ఇది ఒక కారణం. ఇప్పుడు జి.పి.ఎస్., గెలీలియో వంటి నావిగేషన్ ఉపగ్రహాలకు కూడా ఈ చెవులు అమర్చారు. దానితో స్థానం నిమిషాల్లో తేలే అవకాశం వచ్చింది.

మన తీరంలో వేటకు పోయే మత్స్యకారుల పడవల్లో ఇస్రో రూపొందించిన ఆపద సంకేత పరికరాలు ఉంటాయి. 2024లో వచ్చిన రెండో తరం పరికరంలో, మీ సంకేతం అందింది అన్న జవాబు తిరిగి పడవకు వస్తుంది. నడిసముద్రంలో ఆ ఒక్క జవాబు మనిషిని నిలబెడుతుంది. విమానాల బీకన్లలో చాలావాటికి ఈ సౌకర్యం ఇంకా లేదు.

ఇక ఈ బల్ల మీద ఉన్న పెట్టెను చూడండి. బ్యాటరీ తీసివేసిన పాత బీకన్ ఇది. నారింజ రంగు, చేతిలో పట్టేంత, కిలోకు కాస్త అటూ ఇటూ బరువు. దీనిని విమానం తోక భాగంలో ఒక బ్రాకెట్‌లో బిగిస్తారు. కూలినప్పుడు ముక్కు నలిగిపోయినా తోక మిగిలే అవకాశం ఎక్కువ కనుక అక్కడ పెడతారు. ఈ స్విచ్‌కు ఆన్, ఆఫ్, ఆర్మ్ అనే స్థానాలున్నాయి. ఎగిరేటప్పుడు ఆర్మ్‌లో ఉండాలి. విమానం వేగం ఒక్కసారిగా తగ్గిన తాకిడిని లోపలి స్విచ్ గుర్తించి బీకన్‌ను దానంతట అదే ఆన్ చేస్తుంది. ఇదిగో, ఈ గుండ్రటి మూతి నుంచి కేబుల్ బయలుదేరి విమానం పైభాగాన ఉన్న యాంటెన్నాకు పోతుంది. కేబుల్ చివర ఉన్న ఈ కనెక్టరును లోపలికి నొక్కి పావు వంతు తిప్పితే పడుతుంది. పూర్తిగా తిప్పకపోతే పడ్డట్టే ఉంటుంది, కానీ లాగితే ఊడి వస్తుంది.

నా అనుభవంలో బీకన్ విఫలమైన చోట్ల తప్పు ఎక్కువగా ఈ పెట్టెది కాదు. బ్రాకెట్, కేబుల్, యాంటెన్నా, ఈ మూడింటిలో ఏదో ఒకటి తెగుతుంది. 2010 ఆగస్టులో అలాస్కాలో మాజీ సెనేటర్ టెడ్ స్టీవెన్స్ మరణించిన ప్రమాదం దీనికి సాక్ష్యం. ఆ విమానంలో కొత్త తరం 406 బీకన్ ఉంది. తాకిడికి అది బ్రాకెట్ నుంచి ఊడి, యాంటెన్నా కేబుల్ విడిపోయింది. దానిని పట్టి ఉంచింది వెల్క్రో పట్టీ, మన పిల్లల బూట్లకు ఉండే రకం. ఒక్క సంకేతం కూడా ఉపగ్రహానికి అందలేదు. తొమ్మిదిమందిలో నలుగురు బతికి, సహాయం వచ్చేదాకా గంటల తరబడి శకలాల్లోనే ఉన్నారు. ఆ తర్వాతే కొత్త బీకన్లకు అటువంటి పట్టీ వాడకూడదన్న నియమం వచ్చింది. నియమం వచ్చినంత మాత్రాన పాత విమానాల్లోని పట్టీలు వాటంతట అవి మారిపోవు. మీరు ఎక్కే విమానం తోకలో ఏ పట్టీ ఉందో అడిగి చూడండి, అడగటానికి మొహమాటపడకండి. 2015లో నాసా మూడు పాత సెస్నా విమానాలను బీకన్లతో సహా ఎత్తు నుంచి నేలమీదకు జారవిడిచి పరీక్షలు చేసిందంటే, ఈ లోపాన్ని ఎంత తీవ్రంగా తీసుకున్నారో అర్థం చేసుకోవచ్చు.

మంటల విషయం కూడా ఆలోచించాలి. ఇప్పుడు వాడుకలో ఉన్న బీకన్లలో ఎక్కువ భాగం ఆన్ అయిన తర్వాత మొదటి డిజిటల్ సందేశం పంపటానికి సుమారు యాభై సెకన్లు తీసుకుంటాయి. ఆలోపే కేబుల్ కాలిపోతే ఏ సందేశమూ ఉండదు. విమానం బోర్లా పడినా యాంటెన్నా నేలకు ఆని సంకేతం పైకి పోదు. నీటిలో మునిగితే అసలే పోదు, ఈ రేడియో తరంగాలు సముద్రపు నీటిని దాటలేవు. 2016 జూలై 22న చెన్నై తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు 29 మందితో బయలుదేరిన వాయుసేన ఏ.ఎన్.–32 విమానం బంగాళాఖాతంలో మాయమైంది. దాని శకలాలు సుమారు 3,400 మీటర్ల లోతున ఉన్నట్లు 2024 జనవరిలో ప్రకటించారు. మధ్యలో ఏడున్నర సంవత్సరాలు ఆ కుటుంబాలు ఎలా గడిపాయో నేను మాటల్లో చెప్పలేను.

అందువల్ల శిక్షణలో ఉన్నవారికి నేను గట్టిగా చెప్పేది, కూలేదాకా ఆగవద్దు. ఇంజను ఆగిపోయి, పొలంలోనో అడవిలోనో దిగక తప్పదని తేలిన వెంటనే, విమానాన్ని అదుపులో పెట్టుకున్నాక, కాక్‌పిట్‌లో ఉన్న రిమోట్ స్విచ్‌తో బీకన్‌ను ఆన్ చేయండి. మూడు వేల అడుగుల ఎత్తు నుంచి ఒక సెస్నా–172 జారుతూ దిగటానికి నాలుగు నిమిషాలు పడుతుంది. యాంటెన్నా చెక్కుచెదరకుండా, ఆకాశమంతా తెరచి ఉన్న ఆ సమయంలో నాలుగు సందేశాలు పోతాయి. క్షేమంగా దిగితే ఆపి, కంట్రోలుకు చెప్పవచ్చు. దానికి ఎవరూ తప్పుపట్టరు.

రెండో సలహా, విమానానికి బిగించిన దానితో పాటు ఒంటిమీద వేరే బీకన్ ఉంచుకోవటం. దీనిని పి.ఎల్.బి. అంటారు. సెల్‌ఫోను అంత ఉంటుంది, యాంటెన్నా విప్పి బటన్ నొక్కితే పనిచేస్తుంది. దానంతట అది ఆన్ కాదు కనుక స్పృహ తప్పినవారికి ఉపయోగపడదు, అందుకే బిగించిన బీకన్‌కు బదులు ఇది చాలని నేను అనను. కానీ బ్రాకెట్ ఊడినా, తోక కాలినా, నడిచి వెళ్లవలసి వచ్చినా ఇది మనిషితో ఉంటుంది. దీనిని బ్యాగులో కాక చొక్కా జేబులోనో నడుముకో పెట్టుకోవాలి. మంట అంటుకున్న విమానం నుంచి బయటపడేవాడికి బ్యాగు తీసుకునే తీరిక ఉండదు. కొనేముందు మన దేశంలో దానికి కావలసిన రేడియో అనుమతి, నమోదు సంగతి తెలుసుకోండి. విదేశంలో కోడ్ చేసిన పరికరాన్ని బంధువులు పంపితే అలాగే వాడవద్దు. దాని పిలుపు మొదట ఆ దేశపు రిజిస్ట్రీని, అంటే బీకన్ల నమోదు పట్టికను, వెదుక్కుంటూ పోతుంది.

పరీక్షించే పద్ధతి కూడా తెలిసి ఉండాలి. 406 బీకన్‌ను ఆన్ చేసి చూడకూడదు, సెల్ఫ్ టెస్ట్ మాత్రమే చేయాలి. పన్నెండు నెలలకు ఒకసారి బిగింపు, తుప్పు, తాకిడి స్విచ్, యాంటెన్నా చూడాలన్నది అమెరికా నియమం, బ్యాటరీని దాని జీవితకాలంలో సగం గడిచేసరికి మార్చాలన్నది కూడా. ఇక్కడ మీ నిర్వహణ మాన్యువల్ ఏమి చెబితే అది చేయండి, తేదీ పెట్టె మీదే రాసి ఉంటుంది, ఎగిరేముందు చదవండి.

ఇప్పుడు తల్లిదండ్రులతో రెండు మాటలు. బీకన్‌ను నమోదు చేసేటప్పుడు అత్యవసర సంప్రదింపు కోసం ఫోన్ నంబర్లు ఇవ్వాలి. సంకేతం అందగానే సమన్వయ కేంద్రం చేసే మొదటి పనుల్లో ఒకటి ఆ నంబర్లకు ఫోన్ చేయటం. ఎందుకంటే వచ్చే సంకేతాల్లో చాలాభాగం అబద్ధపువి. బలంగా దిగిన తాకిడికి ఆన్ అయినవి, మెకానిక్ చేయి తగిలి ఆన్ అయినవి, బ్యాటరీతో సహా పారేసినవి. విమానం హ్యాంగర్‌లోనే ఉందని ఒక్క ఫోన్‌తో తేలితే హెలికాప్టరు అనవసరంగా లేవదు. ఎగిరిందని, ఇంత దాకా తిరిగి రాలేదని తేలితే ఒక్క నిమిషం వృథా కాదు. ఎవరూ ఎత్తని నంబరు, మూడేళ్ల క్రితం వదిలేసిన నంబరు, శిక్షణ సంస్థ ఆఫీసులో రాత్రిపూట ఎవరూ లేనప్పుడు మోగే నంబరు రాసి ఉంటే ఈ ఏర్పాటంతా అక్కడే ఆగిపోతుంది.

శిక్షణ విమానం బీకన్ సంస్థ పేరున ఉంటుంది, పి.ఎల్.బి. మీ పిల్లల పేరున ఉంటుంది. రెండింటిలోనూ ఎవరి నంబర్లున్నాయో అడిగి తెలుసుకోండి. మీ నంబరు ఉంటే, తెలియని నంబరు నుంచి వచ్చిన ఫోన్‌ను ప్రకటన అనుకుని కట్ చేయవద్దు. అవతలివారు అడిగేవి ఇవి: ఎక్కడి నుంచి బయలుదేరారు, ఎక్కడికి, ఏ వేళకు, ఎంతమంది ఉన్నారు, విమానం రంగేమిటి, ఎంతసేపటికి సరిపడా ఇంధనం ఉంది, ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా. ఒంటరిగా దూరం ఎగిరే రోజున ఈ వివరాలను పిల్లల చేత మీ ఫోనుకు మెసేజ్ పెట్టించుకోండి, దిగగానే ఇంకో మెసేజ్ పెట్టమనండి. ఆ మెసేజ్ రావలసిన వేళ దాటి అరగంట అయితే మొహమాటం లేకుండా శిక్షణ సంస్థకు ఫోన్ చేయండి. మీ నంబరు మారితే అదే వారంలో రిజిస్ట్రీలో మార్పించండి. ఇంతవరకు విన్నందుకు కృతజ్ఞతలు. ప్రశ్నలుంటే అడగండి.